లెక్కకు రాని మూడిళ్ళు

తాళం వేసిన ఇల్లంటే మా సార్‌కు ఒళ్ళు మంట. పోర్ట్ బ్లెయిర్‌లోని మా ఆఫీసులో సర్వే పని నేర్పడం మొదలుపెట్టిన రోజునే ఆయన బోర్డు మీద ఒక వరస ఇళ్ళు గీసి, ఒకదాని తలుపు మీద తాళం బొమ్మ వేసి, "ఇలాంటిది ఒక్కటి తగిలినా నా లెక్క కుంటిదైపోతుంది" అన్నారు. హిందీలోనే అన్నారు. మా ఆఫీసులో బెంగాలీలు, తమిళులు, రాంచీ వైపు నుంచి వచ్చినవాళ్ళు, మా తెలుగువాళ్ళు అందరం ఉండేవాళ్ళం, లోపల మాత్రం అందరి నోటా హిందీయే.

నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి జెట్టీ పనుల్లో చేరాడు. నేను పోర్ట్ బ్లెయిర్‌లోనే, డైరీ ఫార్మ్ అనే పేటలో పుట్టాను. తెలుగు చదవడం చర్చిలో పాటల పుస్తకం పట్టుకుని నేర్చుకున్నాను, రాయడం చాలా కాలం కాళ్ళీడుస్తూనే సాగింది. లెక్కలు మాత్రం బాగా వచ్చేవి. బాగా వస్తాయని నాకు తెలుసు కూడా, అక్కడే వచ్చింది చిక్కంతా. సార్ కూడిక చెప్పేలోగా నేను శాతం కట్టేసేవాణ్ణి. నాది టెంపరరీ ఉద్యోగం. ఆ ఏడాది పని చూసి పర్మనెంట్ చేస్తామన్నారు.

సార్ చెప్పిన పద్ధతి ఇది. ఊళ్ళోకి వెళ్ళగానే ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచి ఇళ్ళన్నిటికీ వరసగా అంకెలు వేయాలి. మొదటి నాలుగిళ్ళ చీటీలు కలిపి ఒకటి తీయాలి. ఏ అంకె వస్తే అక్కడ మొదలుపెట్టి, ఆ తర్వాత ప్రతి నాలుగో ఇంటికీ వెళ్ళాలి. ఎండగా ఉందనో, కుక్క అరిచిందనో పక్కింట్లోకి దూరకూడదు. "మధ్యలో మూడిళ్ళు మీకు కనిపించవు. అవి లేవనుకోండి" అనేవారు సార్. ఇంకో మాట కూడా అనేవారు. వాళ్ళు చెప్పింది రాయాలి, నీకు తెలిసింది రాయకూడదు. ఈ రెండూ నాకు తెగ నచ్చాయి. పదిళ్ళు చూసి నలభై ఇళ్ళ సంగతి చెప్పేయడం నా కళ్ళకు గారడీలా ఉండేది.

రెండో వారంలో మెయిన్‌లాండ్ నుంచి ఒక మేడమ్ వచ్చారు. నెరిసిన జుట్టు, కాటన్ చీర, మెడలో తాడుకు వేలాడే కళ్ళద్దాలు. ఆవిడ మాకు తలా ఒక నీలం అట్ట నోటుబుక్కు ఇచ్చారు. అందులో గడులు లేవు, అంకెలు లేవు, ఖాళీ గీతలే. ఫారం నింపాక ఇందులో రాయాలట. దారిలో ఏం చూశారో, జవాబు చెప్పేటప్పుడు ఎవరు ఎవరి ముఖం చూశారో, ఏ ప్రశ్న దగ్గర మాట తడబడిందో అన్నీ రాయాలట. "ఫారంలో సున్నాలు వరసగా వస్తే సంతోషించకండి. ఆ సున్నా ఎవరు చెప్పారో, ఎందుకు చెప్పారో వెతకండి" అన్నారు ఆవిడ.

నేను దానికి కబుర్ల క్లాసు అని పేరు పెట్టాను. నా పక్కన కూర్చునే స్నేహితుడు రోజూ తుష్నాబాద్ నుంచి బస్సులో వచ్చేవాడు. అతను శ్రద్ధగా రాసుకునేవాడు, నేను నీలం నోటుబుక్కులో డింగీ పడవల బొమ్మలు వేసేవాణ్ణి.

క్లాసులయ్యాక మమ్మల్నిద్దరినీ మాయాబందర్ అవతలి రెండు ఊళ్ళకు పంపారు. రెండూ దేశం స్వతంత్రమయ్యాక మెయిన్‌లాండ్ నుంచి వచ్చినవాళ్ళు అడవి అంచున వేసుకున్న ఊళ్ళు. రెంటికీ బావి నీళ్ళే గతి. కొండవాగు నుంచి పైపు వేయడానికి ఆ ఏడాది ఒక ఊరికే వీలవుతుందన్నారు. ఏ ఊళ్ళో నీళ్ళ వల్ల వచ్చే జబ్బు ఎక్కువుంటే పైపు ఆ ఊరికి. అందుకోసమే సర్వే. ఫారంలో అసలు ప్రశ్న ఒక్కటే: గత పదిహేను రోజుల్లో ఇంట్లో ఎవరికైనా విరేచనాలు గాని, కామెర్లు గాని వచ్చాయా?

నాకు పడిన ఊరు మా పిన్ని ఊరు, అంటే మా అమ్మ చెల్లెలిది. బడి సెలవులన్నీ అక్కడే గడిపాను. ఆ సంగతి ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. అడగలేదు కదా అని సర్దిచెప్పుకున్నాను. పైపు మా పిన్ని ఊరికే వస్తుందని ఓడ ఎక్కేటప్పుడే లోలోపల ఖాయం చేసేసుకున్నాను.

మాయాబందర్ జెట్టీలో దిగి డింగీ మాట్లాడుకున్నాను. క్రీక్‌లో, ఆ ఉప్పునీటి పాయలో, ఆటు మొదలైంది. మడచెట్ల వేళ్ళు బురదలోంచి బయటపడుతున్నాయి. మోటారు చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించడంలేదు. డింగీ నడిపేవాడు ఊరి పేరు విన్న దగ్గర్నుంచి నావైపు అదోలా చూస్తున్నాడు. సగం దూరం వచ్చాక కాళ్ళ దగ్గరున్న నీళ్ళ సీసా నాకిచ్చాడు.

"యే లేకే జావో భయ్యా. నాకాడ ఇంకోటుంది. అక్కడ నీళ్ళు ముట్టకు."

"ఎందుకు?"

"బస్, ముట్టకు. నేను దిగను కూడా."

నిజంగానే దిగలేదు. జెట్టీ మెట్టుకు డింగీ ఆనించి, నేను దూకగానే వెనక్కి తిప్పేశాడు. ఎప్పుడూ జెట్టీ మీదకు పరుగెత్తుకొచ్చే పిల్లలు ఆ రోజు ఒక్కరూ రాలేదు. ఎండుచేపల తాళ్ళు ఖాళీగా ఉన్నాయి. ఆదివారం కదా, అందరూ చర్చిలో ఉంటారని సరిపెట్టుకున్నాను. తర్వాత గుర్తొచ్చింది, ఆ రోజు మంగళవారం.

పిన్ని నన్ను చూసి ఏడ్చినంత పని చేసింది. బాబాయి చేపల వేటకు వెళ్ళాడు. ఇంట్లో పిన్ని, మంచాన పడ్డ బాబాయి తల్లి, పిన్ని కూతురు ఉన్నారు. చెల్లి నాకంటే మూడేళ్ళు చిన్నది. తొలిచూలు, పురిటికి వచ్చింది. ఆరో నెల.

"ఆఫీసరు గారొచ్చేరే, కుర్సీ ఎయ్యండెవరైనా" అంది చాప మీద పడుకునే. నవ్వింది గానీ లేవలేదు. అన్నం కంచం పక్కన పెట్టుకుని వేళ్ళతో కెలుకుతూ ఉంది.

"కడుపుతో ఉన్నాది కదా నానా, నీరసం" అంది పిన్ని నేను అడగకుండానే. గది చీకటిగా ఉంది. కిటికీ వేసి ఉంది.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి. నేను హైస్కూల్లో ఉన్నప్పుడు ఒకాయన కాగితాలు పట్టుకుని ఆ ఊరికి వచ్చాడు. జ్వరాల గురించి అడిగితే ఊళ్ళోవాళ్ళు ఉన్నదున్నట్టు చెప్పారు. ఆయన రాసుకుని వెళ్ళాడు. మందులు రాలేదు గానీ, వారానికి రెండుసార్లు ఆగే బోటు ఆగడం మానేసింది. రోగం ఉన్న ఊరట. వానాకాలమంతా జెట్టీ ముందు నుంచే వెళ్ళిపోయేది. ఎండుచేపలు పురుగు పట్టి పోయాయి. ఆ కథ పిన్ని నోట నేను పదిసార్లు విన్నాను. విని కూడా, చేతిలో ఫారాలు పట్టుకుని ఆ ఊళ్ళో దిగిన నాకు అది గుర్తు రాలేదు. నేను వాళ్ళ పిల్లాణ్ణి, ఆ కాగితాలాయన్ని కాదు కదా అనుకున్నాను.

ఆ మధ్యాహ్నమే ఊరంతా నడిచి ఇళ్ళకు అంకెలు వేశాను. నలభై వచ్చాయి. చీటీ తీస్తే నాలుగు. అంటే నాలుగు, ఎనిమిది, పన్నెండు, అలా నలభై దాకా పదిళ్ళు. పిన్ని ఇల్లు నలభయ్యోది, క్రీక్ వైపు చివరిది. అప్పుడు నాకు సార్ తాళం బొమ్మ గుర్తొచ్చింది. ఆ ఊళ్ళో మగవాళ్ళు వేటకు, ఆడవాళ్ళు చేపల పనికి పోతే సగం ఇళ్ళు తాళాలే. ఒక్క తాళం కూడా లేని లెక్క తెచ్చి సార్ ముందు పెట్టాలని నా ఆశ. పిన్నిని పిలిచి ఆ పదిళ్ళూ ఏవో చెప్పాను. రేపు వీళ్ళ ఇళ్ళలో ఎవరో ఒకరు ఉండేలా చూడమన్నాను. ముందుగా చెప్పకూడదని సార్ అననే లేదు. చెప్పేంత తెలివితక్కువవాడు ఉంటాడని ఆయన అనుకుని ఉండరు.

"మిగతా ఇళ్ళకి రావా?" అంది పిన్ని.

"రాను."

"గుమ్మం కూడా తొక్కవా?"

"తొక్కకూడదు పిన్నీ. రూలు."

"కచ్చితంగానా?"

నా రూలు చూసి పిన్ని ముచ్చటపడుతోందనుకున్నాను. ఇంకాస్త వివరంగా చెప్పాను. తలకు కొంగు కప్పుకుని ఆవిడ పదిళ్ళకూ కబురు చేయడానికి వెళ్ళింది. చాలాసేపు రాలేదు.

మర్నాడు పొద్దున్నే బయల్దేరాను. నాలుగో నంబరు ఇంట్లో అడుగుపెడితే వాకిలి కళ్ళాపి చల్లి ఉంది. ఇల్లంతా తుడిచి, అందరూ తలలు దువ్వుకుని, ఫొటోకు కూర్చున్నట్టు గోడవార వరసగా కూర్చున్నారు. ప్రశ్న అడిగాను. ఎవరికీ లేదన్నారు. సున్నా వేశాను. ఎనిమిదో నంబరుకు నడిచాను.

మధ్యలో మూడిళ్ళు. మొదటి ఇంటి అరుగు మీద రెండు చాపలు, ఒక్కో చాప మీద తల నుంచి కాళ్ళ దాకా దుప్పటి కప్పుకున్న మనిషి. ఆ ఉక్కలో దుప్పటి. రెండో ఇంటి వెనక ఎవరో వాంతి చేసుకుంటున్నారు. మూడో ఇంట్లో ఒకే గదిలో ఆరేడుగురు పడుకుని ఉన్నారు. వాళ్ళంతా ఒక ఇంటి మనుషులు కాదు, నాకు తెలుసు. ఎనిమిదో నంబరు ఇంటి ముసలమ్మ అక్కడ ఉంది. ఆవిడ నన్ను చూసి దుప్పటి ముఖం మీదకు లాక్కుంది.

ఎనిమిదో నంబరు ఇల్లు అద్దంలా ఉంది. ఎవరికీ లేదన్నారు.

అప్పటికి నాకు అర్థమైంది. అర్థం కాలేదని ఈ వయసులో బుకాయించను. నేను ఇచ్చిన జాబితా పట్టుకుని, రాత్రికి రాత్రే రోగులందరినీ నా లెక్కలో లేని ఇళ్ళలోకి మార్చారు. అయినా నా కాళ్ళు ఆగలేదు. పన్నెండు, పదహారు, ఇరవై. ప్రతి నాలుగో ఇల్లూ తుడిచిపెట్టి ఉంది. మధ్య ఇళ్ళ ముందు నుంచి తల వంచుకుని నడిచాను. అరుగుల మీదున్నవాళ్ళూ నన్ను చూడనట్టే ఉన్నారు. నా చెప్పుల చప్పుడు నాకే భయంగా ఉంది.

చివరికి పిన్ని ఇల్లు. నిన్న కూర్చున్న చోటే కూర్చున్నాను. చెల్లి చాప చుట్టి గోడకు ఆనించి ఉంది.

"ఇంట్లో ఎంతమంది?"

"నలుగురం" అంది పిన్ని.

"చెల్లి ఏదీ?"

"పక్కింటికెళ్ళింది. ఏవో కబుర్లు."

"గత పదిహేను రోజుల్లో..."

"ఎవరికీ లేదు నానా."

పెన్ను పట్టుకుని ఆవిడ కళ్ళలోకి చూశాను. ఆవిడ నా పెన్ను వైపే చూస్తోంది. "పిన్నీ, ఇలా రాస్తే పైపు పక్క ఊరికి పోతుంది" అన్నాను.

"పైపు వస్తాదో రాదో ఎవుడు చూసేడు. రోగమని రాసేవంటే బోటు మాత్రం ఆగిపోద్ది. సెల్లికి నెలలు నిండినాక ఆసుపత్రికి దేని మీద తీసుకెళ్ళమంటావు?"

వాళ్ళు చెప్పింది రాయాలి, నీకు తెలిసింది రాయకూడదు. సార్ మాట ఆ నిమిషంలో నాకు ఎంత హాయినిచ్చిందో చెప్పలేను. సున్నా వేశాను.

బయటికి వస్తే పక్కింటి తలుపు ఓరగా తెరిచి ఉంది. ముప్పై తొమ్మిదో నంబరు. లోపల చెల్లి గోడకు ఒరిగి కూర్చుని, కడుపు మీద చెయ్యి వేసుకుని ఉంది. తలుపు సందులోంచి ఎండ సరిగ్గా ముఖం మీద పడుతోంది. కళ్ళలో తెలుపు లేదు, పసుపే.

"అన్నియ్యా, అయిపోయిందా నీ రాత?" అంది. "ఇంక మా ఇంటికెళ్ళిపోవచ్చా?"

"అయిపోయింది" అన్నాను. గడప ఇవతలే నిలబడి.

ఆ మధ్యాహ్నం చర్చిలో స్త్రీల ప్రార్థన జరిగింది. బయట మెట్ల మీద కూర్చుని విన్నాను. ఒక్కొక్కరే లేచి తమ ఇంట్లో ఎవరి కోసం ప్రార్థన చేయాలో చెబుతున్నారు. ఫలానా ఇంట్లో కొడుకుకు కామెర్లు. ఫలానా ఇంట్లో ఇద్దరికి నీళ్ళ విరేచనాలు. నా ఫారంలో సున్నా వేయించిన పదిళ్ళవాళ్ళూ లేచారు. పిన్ని అందరికంటే చివర లేచింది. కూతురి పేరు చెప్పి ఇంకేమీ చెప్పలేక కూర్చుండిపోయింది. మేడమ్ వెతకమన్నది మొత్తం అక్కడుంది, పేరు పేరునా. నీలం నోటుబుక్కు నా సంచిలోనే ఉంది.

బయటికొచ్చిన పిన్ని నన్ను చూసింది. "దేవుడికి సెప్పుకున్నది నీ కాయితం మీద ఎట్టకు నానా" అంది. పెట్టనని మాటిచ్చాను. చెల్లిని వెంటనే మాయాబందర్ తీసుకెళ్ళమన్నాను. తీసుకెళ్తామంది. బాబాయి వేట నుంచి రాగానే అంది.

పోర్ట్ బ్లెయిర్‌కు వచ్చి ఫారాలు సార్‌కు ఇచ్చాను. ఒక్క తాళం లేదు, ఒక్క కొట్టివేత లేదు. ఆయన వాటిని అందరికీ ఎత్తి చూపించారు. తుష్నాబాద్ స్నేహితుడి ఫారాల నిండా సిరా మరకలు, దిద్దుబాట్లు, మూడు తాళాలు. వాడు వెళ్ళిన ఊళ్ళో సగం ఇళ్ళలో జబ్బు. ఆ ఊరివాళ్ళకు ఏ ఇంటికి వస్తాడో తెలియదు మరి. వాడి అక్షరాలను అందరితోపాటు నేనూ ఎగతాళి చేశాను.

మేడమ్ మాత్రం నన్ను విడిగా పిలిచారు. నా నీలం నోటుబుక్కు తిరగేశారు. డింగీ బొమ్మలు, బావి గురించి రెండు ముక్కలు, అంతే.

"పదిళ్ళకు వెళ్ళావు. మధ్యలో ముప్పై ఇళ్ళున్నాయి. వాటి ముందు నుంచే నడిచావు కదా. ఏం చూశావు?"

"ఏమీ లేదు మేడమ్."

"నువ్వు ఏయే ఇళ్ళకు వస్తావో వాళ్ళకు ముందే తెలుసా?"

అప్పుడు చెప్పి ఉండవచ్చు. పిన్నికి ఇచ్చిన మాట నోటిదాకా వచ్చి నన్ను ఆపిందని ఏళ్ళ తరబడి నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. నన్ను ఆపింది నా ఉద్యోగం. జాబితా చెప్పేశానని తెలిస్తే పర్మనెంట్ సంగతి అటుంచి, ఆ సాయంత్రానికే ఇంటికి పంపేవారు.

"తెలియదు మేడమ్" అన్నాను.

ఆవిడ కళ్ళద్దాలు తీశారు. నోటుబుక్కు మూసి నా చేతిలో పెట్టారు. ఆ వారమే ఓడెక్కి వెళ్ళిపోయారు. పైపు రెండో ఊరికి వేశారు. నా ఉద్యోగం పర్మనెంట్ అయింది. మా అమ్మ చర్చిలో కృతజ్ఞత కానుక వేసింది.

వానలు పట్టాక మాయాబందర్ నుంచి కబురు వచ్చింది. బాబాయి వేట నుంచి ఆలస్యంగా వచ్చాడు, తర్వాత సముద్రం బాగాలేదు, ఆ తర్వాత కాస్త తేరుకున్నట్టే కనిపించిందట. ఆసుపత్రికి చేర్చేసరికి చెల్లికి తెలివి లేదు. కడుపులో బిడ్డ కూడా దక్కలేదు. కడుపుతో ఉన్న మనిషికి కామెర్లు వస్తే మామూలు కామెర్లు కావని డాక్టరు అన్నాడట. నాకది తెలియదు. తెలిసి ఉంటే మేడమ్‌కు చెప్పేవాణ్ణా అని అడిగితే, చెప్పేవాణ్ణని ఈ రోజుకీ గట్టిగా అనలేను. నన్ను నేను అసహ్యించుకోవడానికి అదొక్కటి చాలు.

నేను వెళ్ళేసరికి మట్టి చేసేశారు. పిన్ని నన్ను ఒక్క మాట కూడా అనలేదు. కాఫీ ఇచ్చింది. నీళ్ళు కాచానులే, తాగు అంది.

మరుసటి ఏడాది రెండు ఊళ్ళనూ పోల్చి చూడాలని మళ్ళీ అవే ఇళ్ళకు సర్వే పెట్టారు. దారి తెలిసినవాణ్ణని సార్ నన్నే పంపారు. ఎవరికీ కబురు పెట్టకుండా వెళ్ళాను. ఈసారి ప్రతి ఇంటి ముందూ ఆగాను. నీలం నోటుబుక్కులో చూసింది చూసినట్టు రాశాను. నాలుగిళ్ళకు తాళం ఉంది, తాళమని రాశాను. ముప్పై తొమ్మిదో నంబరు దగ్గర గడప దాటి లోపలికి వెళ్ళి, చెల్లి ఒరిగిన గోడ పక్కన కూర్చున్నాను. ఆ ఇంటావిడ కంగారుపడింది.

"మాది మీ లెక్కలో లేదు కద బాబూ" అంది.

"లేదు దీదీ" అన్నాను.

తర్వాత పిన్ని ఇంటికి వెళ్ళాను. ఆవిడ చెయ్యి తుడుచుకుని వచ్చి ఎదురుగా కూర్చుంది. ఫారం తీశాను. ఈ ఒక్క ఇల్లు వదిలేస్తానన్నాను.

"అడుగు" అంది పిన్ని.

"ఇంట్లో ఎంతమంది?"

"ముగ్గురం."

ఆవిడకు రెండో ప్రశ్న గుర్తుంది. నేను అడిగేదాకా ఆగలేదు.

"ఎవరికీ లేదు నానా" అంది. "రాసుకో. ఈసారి పక్కింట్లో దాచడానికి కూడా ఎవరూ లేరు."